ఐదు సెకన్ల ఆలస్యం

మాదన్నపేట, హైదరాబాద్
2 ఫిబ్రవరి 2025

లావణ్యా,

మొదటి ఆరు సీన్ల సంగీతం ఈ పెన్ డ్రైవ్‌లో ఉంది. జనవరిలో నువ్వు పంపిన కాపీ చూస్తూ చేశాను. ఒక్కో సీనుకు ఒక్కో ఫైలు. సీను మొదటి బొమ్మ దగ్గర ఫైలు మొదలుపెడితే చివరిదాకా దానంతట అదే కూర్చుంటుంది. ఏదీ జరపవద్దు.

నేను ఫోన్ ఎత్తడం లేదని నువ్వు బాధపడుతున్నట్టు మీ నాన్న చెప్పాడు. సెప్టెంబరులో ఆస్పత్రి నుంచి వచ్చిన ఆ ఫోన్ తరువాత, అది మోగితే నా చేతులు చల్లబడుతున్నాయి. ఆపి బీరువాలో పెట్టాను. ఇంటర్నెట్ మీ అత్త పేరున ఉండేది. నెలనెలా బిల్లు మీద ఆమె పేరు వస్తోందని అదీ తీసేయించాను. అందుకే ఉత్తరాలు.

కవరు కొనడానికి నిన్న అఫ్జల్‌గంజ్ పోతే కొరియర్ అతను పెన్ డ్రైవ్ చేతిలో పట్టుకుని, "గింత చిన్నదానికి మూడు దినాలెందుకు సార్, నెట్ల పంపితే ఇప్పుడే పోతది గద" అన్నాడు. కాగితం కూడా ఉందన్నాను. "కాగితం ఎవ్వరు సదువుతున్నరు సార్ ఈ రోజుల్ల" అంటూ కవరు చేతికిచ్చాడు.

మొగులయ్య మామను బాగా తీశావు. ముప్పై ఏళ్లుగా ఆయన్ని చూస్తున్నాను. పాలు పితికేటప్పుడు ఆయన ఊపిరి బర్రె ఊపిరితో కలుస్తుందని నీ సినిమా చూసేదాకా గమనించలేదు. మాదన్నపేటలో ఉన్నప్పుడు ముప్పై బర్రెలు. జల్‌పల్లికి పోయాక పదకొండు. ఇప్పుడు అక్కడా చుట్టూ కాలనీలు లేచి, ఆ పదకొండూ అమ్మేయాల్సి రావడం. దీనికి నేను చేర్చవలసింది తక్కువే.

పందొమ్మిదేళ్లలో అరవై రెండు డాక్యుమెంటరీలకు సంగీతం చేశాను. ప్రతిదానికీ మీ బేబీ అత్త పక్క కుర్చీలో కూర్చుని నోటుబుక్కు రాసేది. ఇది అరవై మూడోది. నీకు మొదటిది. మార్చి 22న మిక్సింగ్ అన్నావు. అప్పటికి పద్నాలుగు సీన్లూ అందుతాయి.

వేళకు తిను.

వైకుంఠం


పుణె
7 ఫిబ్రవరి

మామా,

నిన్న పెన్ డ్రైవ్ వచ్చింది. ముందు ఉత్తరం చదివాను, తరువాత సంగీతం విన్నాను. రెండూ రెండేసి సార్లు. ఆరో సీనులో కింది తీగ మీద నువ్వు ఆగి ఆగి వాయించింది మొదలవగానే పక్క గదిలోవాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఇక్కడెవరికీ తెలుగు రాదు, బర్రెలూ తెలియవు. అయినా నిలబడ్డారు.

ఒక సంగతి ఉంది. చిన్నదే. సీను మొదట్లో సంగీతం సరిగ్గా కూర్చుంటోంది. పోనుపోను వెనకబడుతోంది. మూడో సీనులో తాత పాల బకెట్టు ఎత్తగానే నీ వయోలిన్ పైకి లేవాలి కదా? ఆయన బకెట్టు ఎత్తి, నడిచి, గుమ్మం దాటాక లేస్తోంది. ఐదు సెకన్లు ఆలస్యం. ఆరో సీను పొడుగు కాబట్టి అక్కడ ఎనిమిది. ఫైలును ముందుకు జరిపి చూశాను. అప్పుడు మొదలు చెడిపోతోంది. వద్దన్నా జరిపాను, తిట్టకు.

అలసట వల్ల అయ్యుంటుంది. తొందరేమీ లేదు, ఒకసారి చూడు.

ఇంకొకటి. ఛానెల్ వాళ్ల టెక్నికల్ షరతులు వచ్చాయి. మా ఎడిటర్ వాటి ప్రకారం సినిమాను సిద్ధం చేసి పెట్టాడు. నీకు మళ్ళీ కాపీ పంపే పని లేదు. ఒక్క కట్ కూడా మారలేదు.

తిన్నావా అని అడిగితే తిన్నానంటావు. ఏం తిన్నావో రాయి.

నీ
లావణ్య


మాదన్నపేట
11 ఫిబ్రవరి

లావణ్యా,

అన్నం, దొండకాయ కూర. రెండు పూటలా అదే.

మూడో సీను పదకొండుసార్లు చూశాను. ఇక్కడ వయోలిన్ లేవడం, బకెట్టు లేవడం ఒకే బొమ్మ మీద ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు. కానీ నువ్వు ఆలస్యం అంటున్నావు. ఊరికే తప్పు పట్టే పిల్లవు కావు. నీ కంటికి ఆలస్యం, నా కంటికి సరి. ఇద్దరిలో ఒకరి చూపు తప్పు. నాదే అయ్యుంటుంది. అందుకని ఆరు సీన్లూ మళ్ళీ వాయించాను. వాటితోపాటు ఏడు నుంచి పది దాకా కొత్తవి పంపుతున్నాను.

రాయాలా వద్దా అని నిన్నంతా చూశాను. రాస్తున్నాను. ఈ మధ్య నాకు కాలం సరిగా తెలియడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి పక్కనే నిలబడతాను. పొంగి, మాడి, వాసన వచ్చాక చూస్తాను. వారంలో మూడుసార్లు. పాలవాళ్ల ఇంటి అల్లుణ్ణి. మొన్న బుధవారం అనుకుని మార్కెట్‌కు పోయాను. అక్కడ ఉల్లిగడ్డలమ్మే ఆమె, "శుక్రారం శుక్రారం వొస్తవ్, ఇయ్యాల గూడ మంచిగ శుక్రారమే వొచ్చినవ్ సారూ" అంది. అప్పటిదాకా తెలియదు.

నా పని అంతా సెకన్ల పని. రాగం చాలామంది కట్టగలరు. ఏ సెకనులో మొదలుపెట్టాలి, ఏ సెకనులో ఆపాలి అన్నదే నాకు తెలిసిన విద్య. అది పోతే ఇంక నా దగ్గర ఏమీ లేదు.

ఈసారి సరిగ్గా ఉంటే ఉందని రాయి. లేకపోతే లేదని రాయి. మధ్యలో వద్దు.

వైకుంఠం


పుణె
16 ఫిబ్రవరి

మామా,

మధ్యలో వద్దన్నావు. సరిగ్గా లేదు.

ముందు ఎంత ఆలస్యమో ఇప్పుడూ అంతే. మూడో సీను ఐదు సెకన్లు, ఆరో సీను ఎనిమిది. కొత్తగా పంపిన నాలుగూ అదే దారి. మొదలు బాగుంటుంది, చివరికి వచ్చేసరికి సినిమా ముందు పోతుంటే సంగీతం వెనక నడుస్తుంటుంది. అందుకే అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. మళ్ళీ వాయించానని రాశావు. పొరపాటున పాత ఫైళ్లే మళ్ళీ పంపావా?

నిన్న ఛానెల్ నుంచి మేడం వచ్చి మొదటి పది సీన్లూ చూసింది. "సంగీతం బాగుంది, కానీ నిద్రలో నడుస్తున్నట్టుంది" అంది. మార్చి 10 లోగా సరిపడకపోతే తమ దగ్గర నిలవ ఉన్న సంగీతంలోంచి ఏదో ఒకటి వేస్తామంది. ఆ నిలవ సంగీతం విన్నాను మామా. ఒకే ముక్కను పెళ్లి ఊరేగింపుకూ వరదలకూ కూడా వాడారు. మొగులయ్య తాత బర్రెల తాడు ఇంకొకరి చేతిలో పెట్టేటప్పుడు అది మోగుతుందనుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

నీ పాల సంగతి చదివి ఇంకా భయమేసింది. ఒంట్లో బాగా లేకపోతే చెప్పు. సినిమా కంటే నువ్వు ఎక్కువ.

లావణ్య


మాదన్నపేట
20 ఫిబ్రవరి

లావణ్యా,

పాత ఫైళ్లు పంపలేదు. పంపలేదనే అనుకుంటున్నాను. నోటుబుక్కులో రాసి ఉంటే చూసుకునేవాణ్ణి. సెప్టెంబరు నుంచి నోటుబుక్కు ఖాళీ.

నిన్న పగలు పన్నెండింటికి మీ నాన్న వచ్చాడు. పాల బూత్ వదిలి ఆ వేళకు ఎప్పుడూ రాడు. వచ్చి కుర్చీలో కూర్చుని గదంతా చూశాడు.

"ఏం బావా, మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న."

"ఇయ్యాల ఏం వారం?"

"ఎందుకు?"

"ఊకనే. నాకు యాదికి లేక."

"పాల బూత్ నడిపెటోనికి వారం యాదికుండదా?"

లేచి వంటింట్లోకి పోయి మాడిన గిన్నె తిప్పి చూశాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"మా అక్కను ఇంట్ల బేబీ అంటుంటిమి గని, అసలు పేరేంది బావా?"

"బాలనర్సింహా, నన్ను పరీక్ష చెయ్యనీకి వచ్చినవా?"

"నేనెందుకొస్త? గా పోరి పరేషాన్ అయితున్నది. ఫోన్ల ఒక్కతీరుగ ఏడ్సింది. నాన్నా, మామను జెర డాక్టర్‌కు సూపియ్యి అన్నది. నీతోని చెప్పొద్దన్నది గూడ. ఇగో, చెప్పేసిన. నా కడుపుల మాట ఆగదు, నీకెర్కనే గద."

మార్చి 4, మంగళవారం, కోఠీలో నరాల డాక్టరు దగ్గర నంబరు తీసుకున్నాడట. ఆటో తెస్తానన్నాడు. పోతాను. నాకూ తెలుసుకోవాలని ఉంది.

నువ్వు నేరుగా నన్నే అడిగి ఉండవచ్చు.

వైకుంఠం


పుణె
24 ఫిబ్రవరి

మామా,

తప్పు నాదే. నాన్న కడుపులో మాట ఆగదని తెలిసీ చెప్పాను. ఒకవేళ నీ చెవిన పడాలనే చెప్పానేమో కూడా.

నేరుగా అడగమన్నావు కదా, నేరుగానే చెబుతున్నాను. నాలుగు సీన్లు మహేందర్‌కు ఇచ్చాను. రెండు, మూడు, ఆరు, పదకొండు. మహేందర్ ఇక్కడ నాతో చదివాడు, నిజామాబాద్ వాళ్లు, ప్రకటనలకు సంగీతం చేస్తాడు. మంచివాడు, చెప్పిన వేళకు ఇస్తాడు. నీ మీద భారం తగ్గుతుందని, మార్చి 10కి చేతిలో ఏదో ఒకటి ఉండాలని ఇచ్చాను. అవి వాడతానని కాదు. వాడనని కూడా చెప్పలేను.

అత్తకు బాగా లేదని ఫోన్ వచ్చినప్పుడు నేను ఎడిటింగ్‌లో ఉన్నాను. ఈ సీను అయ్యాక బయలుదేరుతానన్నాను. ఆ సీను మూడో రోజుకు అయింది. ఇప్పుడు నీ పాలు పొంగిపోతున్నాయి, వారాలు తప్పిపోతున్నాయి, నేను మళ్ళీ ఇదే కుర్చీలో, ఇదే సినిమా ముందు కూర్చున్నాను. నీకేమైనా అయితే అప్పుడూ ఏదో ఒక సీను మిగిలి ఉంటుంది. ఆ భయంతో నాన్నకు చెప్పాను. అంతే తప్ప నీ చేతి మీద నమ్మకం లేక కాదు.

డాక్టరు ఏమన్నాడో వెంటనే రాయి.

లావణ్య


మాదన్నపేట
27 ఫిబ్రవరి

లావణ్యా,

సరే.

మిగతా సీన్లు కూడా మహేందర్‌కే ఇవ్వు. ఇద్దరి చేయి ఒకే సినిమాలో అతకదు. నేను చేసినవి తీసేయి. పదకొండు నుంచి పద్నాలుగు దాకా మొదలుపెట్టాను, ఆపేశాను.

మార్చి నెలాఖరుకు పని గది ఖాళీ చేస్తానని ఇంటాయనకు చెప్పాను.

కోపం లేదు.

వైకుంఠం


పుణె
3 మార్చి

మామా,

సరే అంటే ఏం సరే?

కోపం లేదని రాశావు. అత్త అనేది గుర్తుందా, "మీ మామ కోపం లేదన్నడంటె ఆ పూట అన్నం తినకుండ పండుకుంటడు" అని. నేను నాలుగు సీన్లు ఇచ్చాను, నువ్వు పద్నాలుగూ ఇచ్చేశావు. గది ఎందుకు ఖాళీ చేయడం? నేను ఒక్కదాన్ని ఆలస్యమన్నందుకా? నేను మొన్నటిదాకా నీ ఇంట్లో కూర్చుని పెన్సిల్ చెక్కిన పిల్లను మామా, నా మాట మీద పందొమ్మిదేళ్ల పని మూసేస్తావా?

మహేందర్‌కు నీ మూడో సీను వినిపించాను, ఎలా ఉండాలో తెలియాలని. విని హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. "గిది ఉండంగ నన్నెందుకు అడిగినవ్?" అన్నాడు. వెనకబడుతోందని చెప్పాను. "మరి సినిమానే ఆగమను" అన్నాడు.

వారం రోజులే ఉంది. నాకు ఏమీ తోచడం లేదు. ఫోన్ బీరువాలోంచి ఒక్కసారి తీయవా? ఒక్కసారే.

లావణ్య


మాదన్నపేట
5 మార్చి

లావణ్యా,

నిన్న డాక్టరు దగ్గరికి పోయాం. నా వయసువాడే. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు. గడియారం బొమ్మ గీయమన్నాడు. వందలోంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి రమ్మన్నాడు. మీ నాన్న ప్రతిదానికీ నాకంటే ముందు జవాబు చెప్పబోయాడు, అదీ తప్పు జవాబు. డాక్టరు రెండుసార్లు బయట కూర్చోమన్నాడు. పోలేదు.

"ఇవన్ని మంచిగనే ఉన్నయ్. అసలు మీ తక్లీఫ్ ఏంది?" అని అడిగాడు.

"కాలం తెలుస్తలేదు. వెనకబడుతున్న."

"ఎంత వెనకబడుతున్నరు? దినాలా, గంటలా?"

"ఐదు సెకన్లు."

ఆయన కలం కింద పెట్టి నన్ను చూశాడు. నా పని ఏమిటో అడిగి తెలుసుకున్నాడు. తరువాత తన ఫోన్ తీశాడు. "కండ్లు మూసుకోండ్రి. నిమిషమైనంక చెప్పండ్రి."

మూసుకున్నాను. అయిందన్నాను. ఈసారి రెండు నిమిషాలన్నాడు. అదీ చెప్పాను. ఫోన్ నా ముందు పెట్టాడు. మొదటిది సరిగ్గా అరవై. రెండోది నూట ఇరవై మీద పావు.

"అరె బావా, మా బర్రెలు గూడ గింత టైముకు పాలియ్యవు" అన్నాడు మీ నాన్న.

డాక్టరు నవ్వలేదు. "పాలు పొంగుడు, వారం మర్సుడు, ఇవి మనిషి పోయిన ఇంట్ల ఉంటయ్ సార్. నిద్ర పోవాలె, నలుగురితోని మాట్లాడాలె. మీ లోపలి గడియారం మాత్రం మంచిగుంది. ఖరాబైంది ఎవరిదో సూసుకోండ్రి" అన్నాడు. మందులు రాయలేదు.

ఆటోలో వస్తూ ఆ మాటే ఆలోచించాను. నేను రెండుసార్లు వాయిస్తే రెండుసార్లూ ఐదు సెకన్లే ఎందుకు ఆలస్యం కావాలి? చేయి తప్పిన మనిషి ఒకసారి నాలుగు, ఒకసారి ఏడు తప్పుతాడు. ఒకే లెక్కన తప్పేది యంత్రం.

ఒక పని చెయ్యి. మూడో సీను తీసుకో. తాత దూడను కట్టేసే మొదటి బొమ్మ నుంచి బకెట్టు నేల విడిచే బొమ్మ దాకా చేతి గడియారంతో కొలువు. నా దగ్గర రెండు నిమిషాల ఐదు సెకన్లు. నీ దగ్గర ఎంత?

ఇంకొక ప్రశ్న. నీ సినిమా సెకనుకు ఎన్ని ఫ్రేములు? జనవరిలో ఎన్ని, ఇప్పుడు ఎన్ని?

ఇది నేను జనవరిలోనే అడగాల్సింది. పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నేను అడగలేదు. తెలియక కాదు. అడగడం బేబీ పని. ప్రతి డైరెక్టరుకూ తనే ఫోన్ చేసేది. "అన్నా, సెకనుకెన్ని ఫ్రేములు? మొన్న పంపిందీ ఇదీ ఒక్కటేనా?" వాళ్లు విసుక్కున్నా వదిలేది కాదు. జవాబును నోటుబుక్కు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసేది. ఆ పేజీ చూసి నేను పని మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి ఆ పేజీ లేదు. లేదని కూడా నేను గమనించలేదు.

నా 27వ తేదీ ఉత్తరం పక్కన పెట్టు.

వైకుంఠం


పుణె
8 మార్చి

మామా,

రెండు నిమిషాలు. సరిగ్గా రెండు నిమిషాలు. మూడుసార్లు కొలిచాను.

మేం తీసింది సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములతో. నీకు జనవరిలో పంపిన కాపీ అదే. ఛానెల్ వాళ్లకు ఇరవై ఐదు కావాలి. ఫిబ్రవరి మొదట్లో మా ఎడిటర్ సినిమా మొత్తాన్ని ఇరవై ఐదుకు మార్చాడు. అంటే ఉన్న బొమ్మలే, సెకనుకు ఒక్కటి ఎక్కువగా పరుగెత్తుతున్నాయి. నీ దగ్గర రెండు నిమిషాల ఐదు సెకన్లు నడిచేది నా దగ్గర రెండు నిమిషాలకే అయిపోతోంది. గొంతులు సన్నబడకుండా సరిచేశారు, అందుకే ఎవరికీ తెలియలేదు. ఒక్కొక్క కట్ ఉన్నచోటే ఉంది కాబట్టి ఏమీ మారలేదని నీకు రాశాను. ఎడిటర్ మిక్సింగ్ వాళ్లకు కొత్త కాపీ పంపాడు. నీకు పంపడం నా పని. నేను వద్దన్నాను.

నువ్వు నిన్ను అనుమానించుకుంటుంటే, నేనూ నిన్నే అనుమానించాను. నాన్నతో డాక్టరుకు చూపించమన్నాను. దీనికి ఏమని క్షమాపణ రాయాలో తెలియడం లేదు. నా చదువు రోజుల్లో మొదటి చిన్న సినిమా తీసినప్పుడు అత్త నన్ను కూడా వదల్లేదు. "కోడలివైతే ఏంది, చెప్పు బిడ్డా, ఎన్ని ఫ్రేములు?" అంది. అప్పుడు నవ్వాను.

పాత కాపీ తీసి, నువ్వు పంపిన పది సీన్ల సంగీతం దాని మీద పెట్టి మేడంకు చూపించాను. చివరిదాకా చూసింది. తరువాత, "ఈయన్ని ఇన్నాళ్లు నిద్రపోతున్నాడన్నామా?" అంది. 20వ తేదీ దాకా ఆగుతామంది. సంగీతాన్ని కంప్యూటర్‌లోనే ఆ మేరకు కుదించవచ్చని ఎడిటర్ అంటున్నాడు. నువ్వు ఒప్పుకుంటేనే. కొత్త కాపీ, మహేందర్ చేసిన నాలుగు సీన్లు దీనితో పంపుతున్నాను. అతనే పంపమన్నాడు.

ఇంకొకటి చెప్పాలి. జనవరిలోనే చెప్పాల్సింది. తొమ్మిదో సీనులో అత్త ఉంది. పోయిన మే నెలలో తీసింది. తాత ఇంట్లో చంద్రమ్మ నానమ్మ పాలు వడపోసి గిన్నెల్లో పోస్తుంటుంది, వెనక తలుపులోంచి అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కెమెరాను చూసి, నేనడ్డమొచ్చిన్నా అన్నట్టు ముఖం పెట్టి పక్కకు తప్పుకుంటుంది. తీసేయడానికి నాకు చేయి రాలేదు. నీకు చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు దాని గురించి ఒక్క మాట రాయకుండా సంగీతం పంపావు. మా కాపీలో అత్త వచ్చినంతసేపూ వయోలిన్ మోగుతూనే ఉండేది. ఆమె వెళ్లిపోయాక, ఖాళీ గుమ్మం మీద, ఎందుకో నాలుగు సెకన్లు ఆగేది. నువ్వు ఆమెను చూడలేదనుకున్నాను. చూసినా పట్టనట్టు వాయించావనుకున్నాను. దేవుడి మీద ఒట్టు మామా, ఒక రాత్రంతా నీ మీద కోపంగా ఉన్నాను.

ఇవాళ పాత కాపీ మీద చూశాను. ఆమె అడుగు గుమ్మంలో పడగానే వయోలిన్ ఆగింది. పాలు గిన్నెలో పడే చప్పుడొక్కటే ఉంది. ఆమె తప్పుకున్నాక మళ్ళీ మొదలైంది. నేను లేచి బయటికి పోయాను.

మేం తీసిన ఆ షాట్ ఇంకా పొడుగుంది మామా, తలుపు దగ్గర ఆమె నిలబడింది కూడా ఉంది. నువ్వు ఊఁ అంటే ఛానెల్ వాళ్లతో పోట్లాడి పొడిగిస్తాను.

లావణ్య


మాదన్నపేట
17 మార్చి

లావణ్యా,

సంగీతం కుదించనివ్వవద్దు. నొక్కిపెట్టిన వయోలిన్‌లో కమాను గాలి పోతుంది. కొత్త కాపీ చూస్తూ మళ్ళీ వాయించాను. ఇప్పుడు పదమూడు సీన్లు ఉన్నాయి. రెండో సీను మహేందర్‌దే ఉంచు. నాదానికంటే బాగుంది. బర్రెలు రోడ్డు దాటేటప్పుడు అతను తబలా ఎక్కడా వాడలేదు, నేను వాడాను. ఇద్దరి చేయి అతకదని రాశాను. అతికింది. అతని పేరు నా పేరు పక్కనే వెయ్యి.

నీ మీద కోపం లేదు. అన్నం తిన్నాకే రాస్తున్నాను. ఆ కాపీ పంపవద్దని నువ్వు రాశావు, సరేనని నేను చదివాను. ఇద్దరం అడగలేదు. అడిగే మనిషి ఉందనే అలవాటులో ఉన్నాం.

గది ఉంచుకుంటానని ఇంటాయనకు చెబితే, "అప్పుడే టులెట్ బోర్డు రాయించిన గద సార్, ఇప్పుడు దాన్ని ఏం చేసుకోవాలె?" అన్నాడు. వెనక్కి తిప్పి నా పేరు రాయించమన్నాను.

22న మిక్సింగ్‌కు వస్తున్నాను. మీ నాన్న రైలెక్కిస్తానంటున్నాడు, దారిలో తినడానికి నలుగురికి సరిపడా కట్టిస్తున్నాడు. ఫోన్ ఇంకా బీరువాలోనే ఉంది. స్టేషన్‌కు నువ్వే రా.

తొమ్మిదో సీను. చూశాను. జనవరిలో మొదటిసారి చూసినప్పుడే. ఆ రోజు ఇంకే సీనూ చూడలేదు. నువ్వు చెప్పలేదు కాబట్టి నేనూ అడగలేదు. రాయడానికి మాట దొరకలేదు. వాయించడం ఆపడం ఒక్కటే తోచింది.

పొడిగిస్తానన్నావు. వద్దు. ఆమె వచ్చింది, అడ్డమొచ్చానేమోనని చూసింది, తప్పుకుంది. కెమెరా ముందు ఆమె చేయాలనుకున్నది అంతే. ఇంకా ఎక్కువసేపు నిలబెట్టవద్దు.

పాత కాపీలో నాలుగు సెకన్లు ఉండేది. కొత్తదానిలో సెకనులో ఆరో వంతు తగ్గింది. చూసేవాళ్ల కంటికి ఆనదు. వయోలిన్ ఆగడం కూడా అంతమేరకు తగ్గించాలి. తగ్గించాను. ఈ పదమూడు సీన్లలో నాకు ఎక్కువ సమయం పట్టింది అక్కడే.

తగ్గించాక రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి, ఒక్కో ఫ్రేము ఆపుతూ, ఆమె గుమ్మంలో కనబడినప్పటి నుంచి తప్పుకునేదాకా లెక్కపెట్టాను. పాతదానిలో తొంభై ఆరు. కొత్తదానిలో తొంభై ఆరు.

ఒక్కటీ పోలేదు.

వైకుంఠం